మోతతో దిగిన బండికే వేడి చాయ్

ఎలుగుగుట్ట ఘాటు రోడ్డు కింద అండాలు హోటల్లో చాయ్ తాగాలంటే ముందు లారీ ఎట్లా దిగిందో తేలాలి. మిగతా ఊళ్లలో డబ్బులిస్తే చాయ్ వస్తుంది. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు. రెండో గేరులో ఇంజన్ మూలుగుతూ, గుట్టంతా వినిపించేటట్టు మోత పెట్టుకుంటూ దిగిన బండి డ్రైవరుకు అడగకుండానే పొగలు కక్కే చాయ్ వచ్చేది. ఇంజన్ బంద్ చేసి పిల్లిలా చప్పుడు లేకుండా జారుకుంటూ వచ్చినవాడికి మాత్రం పొద్దుటి నుంచి గిన్నెలో పడి ఉండి మీగడ కట్టిన చల్లారిన చాయ్. డబ్బులు ఇద్దరికీ ఒకటే. ఇదెక్కడి న్యాయమని నోరు తెరిచినవాడికి ఆ చల్లారింది కూడా దక్కేది కాదు.

గూడూరు దాటి అడవిలోంచి భూపాలపల్లి వైపు పోయే దారి అది. గూడూరు వైపు నుంచి ఎక్కేటప్పుడు గుట్ట మెత్తగా, మర్యాదగా ఉంటుంది. నెత్తి మీదికి చేరాక, ఇటువైపు దిగేటప్పుడు కదా దాని అసలు గుణం బయటపడేది. ఒక పక్క బండలు, ఒక పక్క లోయ, మధ్యలో వంకర మీద వంకర. ఎదురుబొదురుగా రెండు లారీలు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే. అందుకని గుట్ట నెత్తిన సున్నం పూసిన ఒక రాయి పాతారు. దిగే ప్రతి బండీ ఆ రాయి దగ్గర ఆగి, చిన్న గేరు వేసుకుని, పొడుగ్గా ఒక హారన్ కొట్టి కదలాలి. ఆ హారన్ వింటే కింద ఎక్కబోయే బండ్లు ఆగిపోతాయి. ఇది ఎవరు పెట్టిన కట్టడో తెలియదు కానీ తప్పినవాడు లేడు.

హారన్ సంగతి సరే. గేరు సంగతి దగ్గరే వచ్చింది తంటా. గుట్ట మీద వెదురు నరికే కూపుల్లో లోడు నింపుకున్న లారీ దిగేటప్పుడు గేరు తీసేసి ఇంజన్ బంద్ చేస్తే డీజిల్ మిగులుతుంది. మిగిలిన డీజిల్ డ్రైవరుది. ఆ కక్కుర్తి కోసం బండినీ ప్రాణాన్నీ బ్రేకు మీద వదిలేసేవాళ్లు. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి లాగి పట్టుకుంటుంది. అది లేకపోతే బరువంతా బ్రేకే మోయాలి. మోసి మోసి చక్రాల్లో డ్రమ్ములు కాగిపోతాయి. కాగిన డ్రమ్ముకు బ్రేకు పట్టదు. అప్పుడు గేరు వేద్దామన్నా జోరు మీదున్న బండికి గేరు పడి చావదు. ఈ ముక్క ప్రతి డ్రైవరుకూ తెలుసు. తెలిసీ బంద్ చేసేవాళ్లు. మనిషికి రోజూ జరగనిది ఎన్నటికీ జరగదనే ధీమా ఒకటి ఉంటుంది చూడండి, అది పెద్ద దయ్యం.

అండాలు నాయిన, లారీ డ్రైవరు కాటమయ్యను ఆ దయ్యమే మింగింది.

తెలంగాణ గొడవల ఏడాది అది. బందులు, రాళ్లు, కర్ఫ్యూలు. లారీలు వారాల తరబడి జనగామలో ఓనర్ల ఇళ్ల ముందు ఎండకు ఎండాయి. గొడవలు జర సల్లబడ్డాక పోయిన ట్రిప్పులన్నీ ఒకేసారి తోలాలని అందరికీ తొందర. కాటమయ్యకు ఇంకాస్త ఎక్కువ తొందర. అప్పటికి అండాలు లంగా వోణీ వయసు కూడా రాని పిల్ల. హోటల్లో పొయ్యి ఊదుతూ కూర్చుంది. గుట్ట మీద నాయిన బండి హారన్ వినిపించింది. ఆ హారన్‌ను వెయ్యి బండ్లలోనైనా గుర్తుపడుతుంది. నాయినకు ఇష్టమని చాయ్‌లో అల్లం దంచి వేసింది. హారన్ తర్వాత మోత రావాలి కదా, రాలేదు. బండీ రాలేదు. చాయ్ పొంగి పొయ్యిలో పడింది. ఆ తర్వాత లోయలోంచి వినిపించిన చప్పుడు గురించి అండాలు ఎవరితోనూ ఎన్నడూ మాట్లాడలేదు.

అప్పటినుంచి ఆ పిల్ల చెవులు గుట్ట మీదే ఉంటాయి. గిన్నెలు తోముతున్నా, తల్లి యాదమ్మతో కీచులాడుతున్నా, హారన్ వినబడితే చాలు చెయ్యి ఆగిపోతుంది. మోత మొదలైతే ఊపిరి వదులుతుంది. మోత రాకపోతే బండి కనబడేదాకా ఆమె ముఖం చూడలేం. చాయ్ లెక్క అట్లా పుట్టింది. మొదట్లో డ్రైవర్లు నవ్వారు, తర్వాత గొణిగారు, ఆ తర్వాత చాలామంది గేరు వేయడం మొదలుపెట్టారు. అండాలు మీద గౌరవంతో అనుకునేరు. గుట్ట దిగిన మనిషికి నోట్లోకి చల్లారిన చాయ్ పోతుంటే, పక్క బెంచీ మీద ఇంకొకడు ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తాగుతుంటే ఎంత మంటగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

మాట వినని మొండిఘటం ఒక్కడే మిగిలాడు, పెద్దవంగర వెంకట్రాం. జనగామ కరుణాకర్ పటేలు లారీ తోలేవాడు. తెల్లటి పళ్లు, మెడలో ఎర్ర రుమాలు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం. వాడు ఇంజన్ బంద్ చేసి దిగడమే కాదు, ఆ దిగిన జోరుతోనే వచ్చి సరిగ్గా హోటల్ బెంచీ ముందు, బెత్తెడు అటూ ఇటూ కాకుండా బండి ఆపేవాడు. అండాలు చూడాలని వాడి తాపత్రయం. అండాలు చూసేది. చూసి, గిన్నె అడుగున ఉన్నది గ్లాసులో వంచేది.

"ఏంది అండాలూ, నాకు రోజూ గీ సల్లారిందేనా?" అన్నాడొకనాడు.

"నువ్వు గాలికొచ్చినవ్. గాలికి వచ్చినోనికి పొయ్యి ఎందుకు ముట్టియ్యాలె?" అంది అండాలు.

వెంకట్రాం స్నేహితుడు యోసేపు కడుపు పట్టుకుని నవ్వాడు. యోసేపుది డోర్నకల్. వాడూ డ్రైవరే. మోతతో దిగి రోజూ వేడి చాయ్ తాగే బుద్ధిమంతుడు. "అరే, పిల్లకు నువ్వు నచ్చినవ్‌రా. నచ్చకపోతే గా సల్లారింది గూడ పోయకపోతుండె" అని చెవిలో ఊదాడు. అది నిజమే. అండాలుకు వాడు నచ్చాడు. నచ్చినందుకే ఒళ్లు మండేది. మోత లేని బండి గుట్ట మీంచి జారుతోందంటే ఇంతకుముందు భయమే ఉండేది. ఇప్పుడు ఆ బండిలో ఎర్ర రుమాలు కూడా కనబడుతోంది.

ఎండాకాలం చివర్లో వెంకట్రాం తలంటుకుని, కొత్త చొక్కా వేసుకుని, బండి లేకుండా బస్సులో వచ్చాడు. యాదమ్మ ముందు నిలబడి పిల్లనిమ్మని అడిగాడు. యాదమ్మ కూతురి వైపు చూసింది. అండాలు పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"గీ వానకాలమంత మోతతోని దిగాలె. ఒక్కనాడు గూడ తప్పొద్దు. నేను ఇంటుంట."

"గంతేనా?"

"గంతే కాదు. పెండ్లినాడు గూడ. నువ్వు గుట్ట దిగేటప్పుడు హారన్ తర్వాత మోత ఇనవడకపోతే నేను పీటల మీద కూసోను. ముందే చెప్తున్న, తర్వాత నన్ను అనొద్దు."

వెంకట్రాం నవ్వాడు. యాదమ్మ మాత్రం నవ్వలేదు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలుసు.

ఆ వానాకాలం గుట్ట కింద అందరికీ తమాషాయే. వెంకట్రాం బండి పొద్దున్న హారన్ కొడితే, దిగేసరికి కోడిపిల్ల కోడై గుడ్లు పెట్టేటట్టుంది అని వెనక బండ్లవాళ్లు తిట్టుకునేవాళ్లు. వాడు తిట్లన్నీ తుడిచేసుకుని బెంచీ మీద కూర్చుని వేడి చాయ్ ఊదుకుంటూ, "అబ్బ, నాలిక కాలింది" అని అందరికీ వినబడేటట్టు అనేవాడు. అంత సంబరం. ఒక ట్రిప్పు కూడా తప్పలేదు. కార్తీకంలో లగ్గం పెట్టుకున్నారు.

పెళ్లి హోటల్ ముందే. పచ్చటి పందిరి, మామిడాకులు, వెనక పెద్ద గుండిగల్లో అన్నం. ముహూర్తం పొద్దెక్కకముందే. అది దాటితే మళ్లీ మాపటికి తప్ప లేదని అయ్యగారు ముందే గట్టిగా చెప్పారు. మగపెళ్లివాళ్లు పెద్దవంగర నుంచి కరుణాకర్ పటేలు లారీలోనే వస్తున్నారు. తోలేది యోసేపు. అండాలు పసుపు చీర కట్టుకుని, నుదుటికి బాసింగం కట్టించుకుని, పందిట్లో కూర్చుంది. చెవులు మాత్రం గుట్ట మీద పెట్టింది.

హారన్ వినిపించింది, పొడుగ్గా.

"వచ్చిండ్రు, వచ్చిండ్రు" అని ఆడవాళ్లు లేచారు. మేనత్త సోమక్క హారతి పళ్లెం సర్దింది. అయ్యగారు పంచాంగం మూశారు. అండాలు ఊపిరి బిగబట్టి మోత కోసం చూసింది.

మోత రాలేదు.

పందిట్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఎవరి మాటల్లో వాళ్లున్నారు. అండాలుకు మొదట వచ్చింది కోపం. పెండ్లినాడే, ముహూర్తానికి అందుకోవాలని, బండినిండా ముసలీ ముతకా పిల్లాజెల్లా ఉండగా బంద్ చేసి జారుతున్నారన్నమాట. ఇన్నాళ్లు ఊదుకుంటూ తాగిన చాయ్ అంతా నాటకమేనన్నమాట. ఆమె కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడింది.

"ఏందే, ఎందుకు లేసినవ్?" అంది సోమక్క.

"నేను కూసోను అత్తా. మోత ఇనవడలే."

"మోతేంది, పిచ్చి లేసిందా? ముహూర్తం మీదికొస్తుంటే."

అండాలు గుట్ట వైపు తిరిగింది. కోపం అప్పటికే పోయింది. జారే బండి ఎంత తొందరగా దిగుతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తమలపాకు మడిచి నోట్లో పెట్టుకునేలోపు వచ్చి ఆగాలి. ఇంకా రాలేదు. మోతా లేదు, బండీ లేదు. ఆమె తల్లి వైపు చూసింది. పందిరి బయట, వంటల దగ్గర, శుభకార్యానికి ఎదురు రాకూడదని దూరంగా ఉన్న యాదమ్మ గరిటె చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయి ఉంది. ఆమె కూడా వింటోంది.

అండాలు పరిగెత్తింది.

చెప్పుల్లేవు. నుదుటిన బాసింగం ఊగుతోంది. కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని ఘాటు రోడ్డు మీదికి ఉరికింది. వెనక సోమక్క కేకలు, అయ్యగారి గోల, ఎవరిదో నవ్వు. మొదటి మలుపు దాటింది, ఎవరూ లేరు. లోయ వైపు చూడబుద్ధి కాలేదు. చూడకుండా ఉండబుద్ధీ కాలేదు. నాయినా, నాయినా అని ఆమె నోరు దానంతటదే అంటోంది. ఎర్ర రుమాలు కట్టుకున్న ఆ మొండిఘటం కళ్లముందు కనబడితే చాలు, ఇంకేమీ వద్దు అనుకుంది. చల్లటి చాయ్‌లు పోసిన పాపం కూడా గుర్తొచ్చింది.

రొప్పుకుంటూ మలుపు మీద మలుపు ఎక్కి గుట్ట సగం దాటేసరికి ఎదురుగా మగపెళ్లివాళ్లు.

అందరూ నడుస్తున్నారు. పట్టుచీరలు మోకాళ్లదాకా ఎగదోసుకున్న ఆడవాళ్లు, చెప్పులు చేతుల్లో పట్టుకున్న మగవాళ్లు, ఏడుస్తున్న పిల్లలు. డప్పులవాళ్లు డప్పులు చంకన పెట్టుకుని, ఇంత దూరం నడుస్తామని ఒప్పుకోలేదని అలిగి, ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా వస్తున్నారు. ముందు వెంకట్రాం తండ్రి సోమనర్సయ్య, తలపాగా జారిపోయి, కొడుకును నోటికొచ్చినట్టు తిడుతూ. అందరికంటే వెనక బాసింగం కట్టుకున్న పెళ్లికొడుకు. వాడి వీపు మీద నడవలేని వాళ్ల నాయనమ్మ, వాడి మెడ చుట్టూ చేతులు వేసుకుని, గుర్రం మీద ఎక్కినట్టు హాయిగా అటూ ఇటూ చూస్తోంది.

అండాలు రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. నాయనమ్మను దించి వెంకట్రాం దగ్గరికి వచ్చాడు.

"మోతేది?" అంది అండాలు.

"బండి గుట్ట మీదనే ఉంది. సున్నపురాయి కాడ."

"హారన్ కొట్టిండ్రు గద."

"యోసేపు అలవాటుకు కొట్టిండు. కొట్టి బ్రేకు తొక్కి చూసిండు. మెత్తగ పోయింది. మల్ల తొక్కిండు, మల్ల గట్లనే పోయింది. అందర్ని దిగుమన్న. చక్రాల కింద బండరాళ్లు పెట్టి వాన్ని బండి కాడ కూసోవెట్టిన."

సోమనర్సయ్య మధ్యలో దూరాడు. "చిన్న గేరుల పెట్టి మెల్లగ దించుదామంటే ఇనలే బిడ్డా. ముహూర్తం పోతదిరా అంటే ఇనలే. ముసలోళ్లు నడవరు అంటే మోస్త అన్నడు. జరంత బ్రేకు మెత్తబడ్తే గింతమందిని నడిపిస్తడా ఎవడన్న? సగం బ్రేకుతోని నేను సగం జిల్లా చూసిన."

"బాపూ, పొయ్యేటోడు పొయ్యేదాక గట్లనే అంటడు" అన్నాడు వెంకట్రాం. తర్వాత అండాలు వైపు తిరిగి, తప్పు చేసిన పిల్లవాడిలా గొంతు తగ్గించాడు. "మోతతోని వస్త అన్న. రాలేకపోయిన. కూసోను అంటే కూసోకు. మాపటికి బ్రేకు బాగుచేసి, మల్ల మోతతోని దిగుత. అప్పటిదాక జర ఆగు."

వాడు నిజంగానే భయపడ్డాడు. ఇంత దూరం నాయనమ్మను మోస్తూ, అండాలు పీటల మీద కూర్చుంటుందో లేదో అని ఆలోచించుకుంటూ వచ్చాడన్నమాట. అండాలుకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది, ఆ వెంటనే వాడి దుమ్ముకొట్టుకుపోయిన కాళ్ల మీద పడి ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. వాడి చొక్కా చేతిని గుప్పిట్లో పట్టుకుని ఏడ్చింది. చిన్నప్పుడు ఏడవాల్సిన ఏడుపు కూడా అందులో ఉంది. మగపెళ్లివాళ్లంతా చూస్తున్నారన్న సిగ్గు కూడా రాలేదు.

నాయనమ్మే అందరినీ కదిలించింది. "ఏడ్సుడు అయినంక నన్ను జర ఎత్తుకోరా, కాళ్లు గుంజుతున్నయి" అంది. అప్పటికి డప్పులవాళ్ల అలక కూడా తీరింది. మిగతా దారంతా డప్పుల మోతతో దిగారు.

పందిరి దగ్గర అయ్యగారు మండిపడుతున్నారు. "ముహూర్తం దాటిపోయింది. పెండ్లి అంటే ఆటనుకున్నరా? లారీ ఉండి నడిచి వచ్చుడేంది? నేను మాపటిదాక ఆగాల్నా?"

అప్పటిదాకా వంటల దగ్గరే ఉన్న యాదమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని ముందుకు వచ్చింది. కాటమయ్య పోయినప్పటినుంచి ఆమె ఏ శుభకార్యంలోనూ ముందుకు రాలేదు. ఇప్పుడు ఎవరో ఆపబోతే వినలేదు. వెంకట్రాం ముందు కూర్చుని, వాడి మోకాళ్లదాకా పట్టిన ఎర్రదుమ్మును తన చేతులతో కడిగింది. వాడు కాళ్లు వెనక్కి తీసుకోబోతే గట్టిగా పట్టుకుంది.

"వచ్చిండు గద అయ్యగారూ" అంది తల ఎత్తకుండానే. "నా ఇంటోడు గూడ గానాడు బండి గుట్ట మీద ఇడిసిపెట్టి నడిచి వస్తే, ఏ యాళ్లకు వచ్చినా గిట్లనే కాళ్లు కడుగుదును. మాపటికే చెయ్యుండ్రి. మాకేం తొందర లేదు."

అయ్యగారు మళ్లీ పంచాంగం తెరిచారు. సోమనర్సయ్య తలపాగా సర్దుకుంటున్నట్టు నటిస్తూ కళ్లు తుడుచుకున్నాడు. కొడుకును తిట్టడం మాత్రం ఆ రోజుకు మానేశాడు.

మాపటిదాకా చెయ్యడానికి ఏముంటుంది. జనమంతా పందిట్లో పడి కాళ్లు చాపుకున్నారు. కింద ఆగిన లారీల డ్రైవర్లు విషయం తెలుసుకుని బెంచీల మీద చేరారు. వాళ్లకు తమాషా కావాలి.

"అండాలూ, లెక్క తప్పొద్దు. పెండ్లికొడుకు మోత లేకుంట దిగిండు. సల్లారిందే పొయ్యాలె" అన్నాడొకడు. అందరూ నవ్వారు. వెంకట్రాం కూడా నవ్వి, ఏదిస్తే అదే తాగుదామన్నట్టు బెంచీ మీద కూర్చున్నాడు.

అండాలు లేచి వెళ్లింది. పసుపు చీర కొంగు నడుముకు దోపి, పొద్దున్న పెళ్లి కోసమని ఆర్పేసిన పొయ్యిని మళ్లీ ముట్టించింది. పెళ్లికూతురు పొయ్యి ముందు కూర్చోవడమేమిటని సోమక్క గొణిగితే పట్టించుకోలేదు. పాలు పొంగేదాకా ఉండి, అల్లం దంచి వేసింది. నాయిన పోయినప్పటినుంచి ఆ హోటల్లో ఏ చాయ్‌లోనూ అల్లం పడలేదు. ఆ సంగతి యాదమ్మకు ఒక్కదానికే తెలుసు.

గ్లాసు నిండా పోసి వెంకట్రాం చేతికిచ్చింది.

వాడు ఊదుకోకుండానే ఒక గుక్క తాగాడు. నాలుక కాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి మాత్రం ఆ మాట ఎవరికీ వినబడేటట్టు అనలేదు.